ఊయల మాట – మన బతుకు బాట
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన మాటల గురించి నాలుగు ముక్కలు చెప్పమని మమ్మల్ని పిలిచారు. మేము భాషా పండితులం కాము. బీఈడీ చదివి, కొన్నాళ్లు పాఠాలు చెప్పి, తర్వాత హాస్టల్ బాధ్యత తీసుకున్నవాళ్లం. తెల్లవారుజామున పిల్లల్ని లేపడం, బియ్యం పప్పు లెక్క చూసుకోవడం, జ్వరం వచ్చిన పిల్ల పక్కన రాత్రి కూర్చోవడం మా పని. మేము అంటే వార్డెన్ ఒక్కరే కాదు. ట్యూటరు, వంటమ్మలు, వాచ్‌మన్ అందరం. ఈరోజు చెప్పబోయేవి మేమందరం కలిసి చూసినవి, కొన్ని కలిసి చేసిన తప్పులు కూడా. అందుకని పెద్ద మాటల జోలికి పోకుండా ఒక చిన్న మాట ఎంచుకున్నాం. ఊయల.

ట్రైనింగులో మాకు ఒక సూత్రం నేర్పారు. తెలిసినదాని నుంచి తెలియనిదానికి వెళ్లాలని. ఊయల తెలియనివాళ్లు ఈ సభలో ఎవరూ ఉండరు. మనమందరం అందులోంచి దిగి వచ్చినవాళ్లమే. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఊగేది ఊయల. కొందరు ఉయ్యాల అంటారు, కొందరు ఉయ్యేల అంటారు. కన్నడంలో ఉయ్యాలె, తమిళంలో ఊంజల్. తెలుగులో ఒక తమాషా ఉంది. పసిపాప పడుకునేదీ ఉయ్యాలే, అట్లతద్దికి ఆడపిల్లలు చెట్టుకు కట్టి ఊగేదీ ఉయ్యాలే. ఇంగ్లీషువాళ్లు ఈ రెంటికీ రెండు వేరు మాటలు పెట్టుకున్నారు. మనకు ఒక్కటే చాలింది. తెలంగాణ వైపు వెళితే పాప పడుకునేదాన్ని తొట్టెల అంటారు, తొట్లె అంటారు. బోనాల పండుగకు రంగు కాగితాలతో, వెదురు పుల్లలతో కట్టి అమ్మవారికి సమర్పించేదాని పేరు కూడా తొట్టెలే. అదే తొట్టి అంటే పశువులకు కుడితి పోసేది అవుతుంది. బతుకమ్మ ఆడే అక్కలు పాటలో ప్రతి అడుగు చివరా ఉయ్యాలో అంటారు. అక్కడ ఉయ్యాల కనబడదు, వినబడుతుంది. చప్పట్లతో, అడుగులతో మనుషులే ఊగుతారు.

సంస్కృతం నుంచి డోల అనే మాట వచ్చింది. దేవుణ్ణి ఊపితే డోలోత్సవం. మనకు దగ్గర్లోని సింహాచలంలో ఫాల్గుణ పౌర్ణమికి చేస్తారు. తిరుమలలో సాయంత్రం జరిగేది ఊంజల్ సేవ. ఎటూ తేల్చుకోలేని మనసు డోలాయమానం. పొరుగున ఒడిశాలో జూన్ నడిమిలో రజో పండుగ వస్తుంది. నేల తల్లికి మూడు రోజులు విశ్రాంతి. నాగలి పట్టరు, ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టుకుని ఉయ్యాలలూగుతారు. సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చే మా పిల్లలు ఆ రోజుల్లో ఇంటికి పోతామని మారాం చేసేది ఆ ఉయ్యాల కోసమే.

నది మీద వేలాడుతూ కదిలేది ఊయల వంతెన. నదుల ఒడ్డు నాగరికతకు ఊయల అని పిల్లల సాంఘిక శాస్త్రంలో చదువుతాం. గిజిగాడి గూడు గాలికి ఊగుతుంటే అదీ ఊయలే. పిల్లలు కలగాలని మొక్కుకుని గుళ్లో, చెట్టుకు కట్టే చిన్న చెక్క ఊయల ఒకటి. అందులో పాప ఉండదు, కోరిక ఉంటుంది. అలా ఒక్క మాట ఎన్ని ఇళ్లు తిరిగిందో చూడండి.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం.

మన ఊయలకు షాపు అక్కర్లేదు. ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు చీర కావాలి. కొత్త చీర గరుకుగా ఉంటుంది, పాపకు ఒరుసుకుంటుంది. ఇంటి దూలానికో వాసానికో కట్టి, లోపల ఒక అడ్డకర్ర పెడితే గుడ్డ దగ్గరికి ముడుచుకోకుండా పాపకు గాలి ఆడుతుంది. పొలంలో కలుపు తీసేటప్పుడు చెట్టు కొమ్మే దూలం. అడవిలో దొరికే అడ్డతీగ నారతో పేనిన తాడు బలంగా ఉంటుంది. ఆ తీగ ఆకులే మనం విస్తర్లు కుడతాం. అంటే తల్లి అన్నం తినే ఆకూ, బిడ్డ ఊగే తాడూ ఒకే తీగ ఇచ్చినవి. దిష్టి తగలకుండా ఊయలలో ఒక ఇనుప ముక్క పెట్టే ఇళ్లు ఉన్నాయి. ఖాళీ ఊయల ఊపకూడదని పెద్దవాళ్లు కోప్పడతారు. పాపకు కడుపు నొప్పి వస్తుందట. మా వంటమ్మ ఇప్పటికీ ఆ మాట నమ్ముతుంది.

ఒక సంక్రాంతి సెలవులకు ముందు మా పిల్లలకు ఒక పని ఇచ్చాం. ఇంటికెళ్లి ఊయలను మీ భాషలో ఏమంటారో, దాన్ని దేనితో కడతారో, ఎవరు ఊపుతారో అడిగి రాసుకు రండి అన్నాం. మా హాస్టల్లో మూడు నాలుగు భాషల పిల్లలున్నారు. ఆ మాటలు మేము ఇక్కడ చెప్పం. మా నోట అవి సరిగా పలకవు. ఈ ప్రసంగం అయ్యాక పిల్లలే వచ్చి చెబుతారు, మీరు వినండి. అయితే మూడో ప్రశ్నకు వచ్చిన జవాబు మాత్రం మేము చెప్పాలి. ఎవరు ఊపుతారు? కాగితాల మీద అమ్మ అని రాసినవాళ్లు కొద్దిమందే. ఎక్కువమంది రాసింది ఒక్కటే మాట. అక్క.

ఆ మాట చదివినప్పుడు మాకు ఒక పాత నోటుబుక్కు గుర్తొచ్చింది. ఆ సంగతే ఈరోజు ముఖ్యంగా చెప్పాలని వచ్చాం.

కొన్నేళ్ల కిందట ఆరో తరగతిలో ఒక అమ్మాయి చేరింది. ఊరి పేరు, పిల్ల పేరు వద్దు. రోడ్డు నుంచి లోపలికి చాలా దూరం నడవాల్సిన ఊరు. మాటలు తక్కువ, రాత మంచిది. ఒకరోజు సాయంత్రం స్టడీ అవర్‌లో సొంత వాక్యాలు రాయమని పది మాటలు ఇచ్చాం. అందులో ఊయల ఒకటి. మిగతా పిల్లలు పాప ఊయలలో పడుకుంది అని రాశారు. ఈ పిల్ల రెండు వాక్యాలు రాసింది. మా అమ్మను ఊయలలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. మళ్లీ ఊయలలోనే తీసుకొచ్చారు.

మేము ఏం చేశామో తెలుసా? ఎర్ర పెన్ను తీసుకుని, ఊయల అన్న మాటను రెండుచోట్లా కొట్టేసి, పైన డోలి అని దిద్దాం. ముప్పై పుస్తకాలు దిద్దాలి, వంటగదిలో కేక వినబడుతోంది, గబగబా తిప్పేశాం. మాట తప్పని దిద్దాం గాని ఆ వాక్యం ఏం చెబుతోందో చదవలేదు.

డోలి అంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. ఒక గట్టి కర్ర, దానికి రెండు కొసలా ముడివేసిన దుప్పటి లేదా చీర. ముందొకరు, వెనకొకరు, భుజం మార్చడానికి ఇంకో నలుగురు. నిండు గర్భిణి అయినా, పాము కరిచిన మనిషైనా రోడ్డు తగిలేదాకా అందులోనే. వానాకాలంలో గెడ్డ పొంగితే ఒడ్డునే ఆగాలి. టీవీలో డోలి మోత అని చూపిస్తారు. హిందీ సినిమాలో డోలీ అంటే పెళ్లికూతురు ఎక్కే పల్లకి. ఆ మాటే మన కొండకొచ్చేసరికి ఇలా అయింది. ఆ పిల్ల మాత్రం దాన్ని ఊయల అంది. ఎందుకంది? వాళ్లింట్లో దూలానికి కట్టి ఉన్న చీరే విప్పి కర్రకు కట్టారు కాబట్టి. ఆ పిల్ల కళ్ల ముందే కట్టారు. ఆమెకు అది ఊయలే. ఆమె రాసింది తప్పు కాదు. మా దిద్దుబాటే తప్పు.

ఈ సంగతి మాకు అప్పుడు తెలియలేదు. సంక్రాంతికి ఇంటికెళ్లిన పిల్ల తిరిగి రాలేదు. వారం చూశాం, పది రోజులు చూశాం. ఫోను కలవలేదు. రిజిస్టరులో గైర్హాజరు పెడుతూ పోయాం. నెల దాటాక ట్యూటరమ్మా మేమూ కలిసి బయల్దేరాం. బైకు పోయినంత దూరం పోయి, అక్కడి నుంచి నడిచాం.

ఇంటి ముందు అరుగు మీద పిల్ల కూర్చుని ఉంది. ఊయల తాడు కాలి బొటనవేలికి కట్టుకుంది. కాలు కదిపితే ఊయల ఊగుతోంది. ఒళ్లో తెలుగు వాచకం ఉంది. ఊయలలో తమ్ముడు. కాన్పు కష్టమై తల్లిని మోసుకెళ్లారు, బిడ్డ దక్కాడు, తల్లి దక్కలేదు. ఆ పిల్ల మా హాస్టల్లో చేరడానికి రెండు నెలల ముందు జరిగిన సంగతి అది. అడ్మిషన్ ఫారంలో తల్లి లేదని రాసి ఉంది. మేము ఆ గడి చూశాం, దాటి కింది గడికి వెళ్లాం.

అప్పుడు కూడా మాకు ముందు వచ్చింది కోపమే. నాయనమ్మను పట్టుకుని, ఆడపిల్ల చదువు ఇలా పాడుచేస్తారా, చట్టం ఉంది తెలుసా అని మాట్లాడాం. ఆవిడ కత్తి పట్టుకుని పోడుకు బయల్దేరుతోంది. ఆగి ఒకే ఒక మాట అంది. "నేను కొండెక్కకపోతే తిండెక్కడిది మేడమ్మా? ఎక్కితే ఈ గుంటడ్ని ఎవులు సూత్తారు? నువ్వొచ్చి ఊపుతావా?"

మా దగ్గర జవాబు లేదు.

ఆవిడ అడిగిన ప్రశ్నను ట్రైనింగు అయిన బుర్రతో ఇంటికొచ్చాక ఆలోచించాం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకు పిల్లలకు చదువు హక్కు. అంగన్‌వాడీ 1975 నుంచి ఉంది. అక్కడ కూర్చోబెట్టి ఆటపాటలతో చెప్పేది మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు. మూడేళ్ల లోపు పిల్లలకు ఇంటికి పట్టుకెళ్లే సరుకు ఇస్తారు గాని పొద్దంతా ఉంచుకునే చోటు చాలా ఊళ్లలో లేదు. మరి తల్లి పాలు మానే దగ్గర్నుంచి మూడేళ్లు నిండేదాకా, పెద్దవాళ్లు పొలంలో ఉన్నప్పుడు ఆ పాపను ఎవరు చూస్తారు? అక్క చూస్తుంది. ఆ అక్క వయసు తొమ్మిదో, పదకొండో. అంటే తమ్ముడి ఊయల ఒక చోట, అక్క బెంచీ ఒక చోట. అక్కడ ఊయల ఊగాలంటే ఇక్కడ బెంచీ ఖాళీ కావాలి. మన ఆడపిల్లల పేరు ఎదురుగా డ్రాపౌట్ అని రాసే ప్రతిచోటా వెతికి చూడండి, చాలాచోట్ల ఒక ఊయల తాడు దొరుకుతుంది. మేమైతే కారణం గడిలో ఇంటి పనులు అని రాసి ఊరుకున్నాం. ఊయల ఊపడం అని రాసి ఉంటే పైవాళ్లకు ఏం కావాలో తెలిసేది.

హిందీలో ఊయలను పాల్నా అంటారు. పెంచడం అనే మాట నుంచి వచ్చిందే. ఆ పేరుతోనే కేంద్ర ప్రభుత్వం మిషన్ శక్తి కింద ఒక పథకం పెట్టింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు పిల్లలను పగటిపూట చూసుకునే శిశు సంరక్షణ కేంద్రాలు, అంగన్‌వాడీతో కలిపి నడిపేవి. ఊయల అనే మాటకు ప్రభుత్వం ఇచ్చిన అర్థం అది. తమిళనాడులో 1992లో సేలంలో ఇంకో ఊయల పెట్టారు. ఆడబిడ్డ వద్దనుకునేవాళ్లు చంపకుండా తెచ్చి ఆ తొట్టిలో వదిలితే ప్రభుత్వం పెంచుకుంటుంది. అదీ ఊయలే. ఒక ఊయలలో బిడ్డను ఊపుతారు, ఇంకో ఊయలలో బిడ్డను వదిలేస్తారు. మన కొండల్లో ఆడబిడ్డను వదిలేయం, ఆ గర్వం మనకుంది. కానీ తమ్ముడి ఊయల తాడు కట్టి కూర్చోబెడుతున్నాం. అది కూడా చెప్పుకోవాలి కదా.

ఆ పిల్ల సంగతి ఏమైందని అడుగుతారు. ఆ ఏడు పోయింది. మేము ఎంత తిరిగినా ఆ ఏడు తిరిగి రాలేదు. ఊళ్లో పిన్ని వరసామె ఒకరు పాలిచ్చే తల్లి. ఆమె ఇంట్లో ఎలాగూ ఊయల ఊగుతోంది, పక్కన రెండోది కడతామంది. బదులుగా ఆమె చేను కలుపు నాయనమ్మ తీస్తుంది. ఈ ఒప్పందం మేము చేసింది కాదు, చట్టం చేసింది కాదు, ఆ ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకున్నది. జూన్‌లో పిల్ల మళ్లీ ఆరో తరగతిలో కూర్చుంది. ఇప్పుడు పదో తరగతి దాటింది. తమ్ముడు బడికి వెళ్తున్నాడు. ఆ పాత నోటుబుక్కు అడిగి తీసుకుని, మా ఎర్ర గీతల కింద, నువ్వు రాసింది సరైనదే అని రాసి సంతకం చేశాం. ఆ పిల్ల చూసి ఏమీ అనలేదు. బుక్కు పెట్టెలో పెట్టుకుంది.

మాటల గురించి మాట్లాడమంటే ఇదంతా చెప్పారేంటి అనుకోవచ్చు. మాట ఎక్కడ పుడుతుందో అక్కడికి వెళ్లి వినాలని మనకు నేర్పినవాళ్లున్నారు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలన్నారు. ఆయన సవర భాష వ్యాకరణం 1931లో అచ్చయింది. మన ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారుచేసి, ఇంటి భాషలో చదువు మొదలుపెట్టారు. పుస్తకాలు వచ్చాయి. కానీ పిల్ల రాసిన మాటను కొట్టేసే ఎర్ర పెన్ను మా చేతిలోనే ఉంది. అది ఆగకపోతే ఎన్ని పుస్తకాలు వచ్చినా లాభం లేదు. మాకు మేమే చెప్పుకుంటున్న మాట ఇది.

చివరగా సంఘానికి, ఊరి పెద్దలకు కొన్ని మనవులు.

మొదటిది, కలుపు, నాట్లు, కోతల రోజుల్లో ఊరికి ఒక ఊయల చోటు పెట్టుకుందాం. ఇద్దరు ముసలమ్మలు, ఒక పాలిచ్చే తల్లి వంతులవారీగా చూసుకుంటే చాలు, నాలుగు ఇళ్ల అక్కలు బడికి వస్తారు. పాల్నా కేంద్రం కావాలని గ్రామసభలో తీర్మానం రాయించి ఐటీడీఏకు పంపుదాం. అడగనిదే ఏదీ రాదు.

రెండోది, నెలలు నిండిన తల్లిని నొప్పులు వచ్చేదాకా ఇంట్లో ఉంచొద్దు. కాన్పు తేదీకి ముందే వచ్చి ఉండడానికి కొన్నిచోట్ల గర్భిణుల వసతి గృహాలు ఉన్నాయి. నడిచే ఓపిక ఉన్నప్పుడే నడిచి వస్తే డోలి అవసరం పడదు. దారి లేని చోట బైకు అంబులెన్సుల నంబరు ఆశా కార్యకర్త దగ్గర ఉంటుంది, ముందే రాసిపెట్టుకోండి. రోడ్డు కోసం అడగడం మాత్రం ఆపొద్దు. ఊయల చీర ఊయలగానే ఉండాలి, కర్రకెక్కకూడదు.

మూడోది, ఊయల కట్టినప్పుడు జాగ్రత్త. పొయ్యికి దూరంగా, నేలకు మరీ ఎత్తు కాకుండా కట్టండి. ముడి రోజూ లాగి చూడండి. దోమతెర వేయండి. పెద్దపిల్లలు చీర ఊయలలో కూర్చుని గిరగిరా మెలికలు తిప్పుకుని ఆడతారు, మెడకు చుట్టుకుని ప్రాణాలు పోయినవి పేపర్లో చూస్తూనే ఉన్నాం. పాప లేనప్పుడు ఊయల విప్పి పైకి ముడేసేయండి. ఖాళీ ఊయల ఊపకూడదని పెద్దలన్న మాటకు ఇదొక మంచి అర్థం అనుకుందాం.

నాలుగోది, మన పిల్లలు తెచ్చిన ఊయల మాటలు ఈ సంచికతో ఆగకుండా, వచ్చే ఏడాది ఇంకో వంద ఇంటి మాటలు చేర్చి చిన్న పుస్తకం వేయండి. రాసే పని మా పిల్లలు చేస్తారు. దిద్దే పని మాత్రం ఆ భాష మాట్లాడే అమ్మమ్మలు, నాయనమ్మలు చేయాలి. ఎర్ర పెన్ను ఒకసారి వాళ్ల చేతికిద్దాం.

సెలవులకు పిల్లలందరూ ఇళ్లకు పోయినప్పుడు హాస్టల్లో మంచాలు వరుసగా ఖాళీగా ఉంటాయి. తెరిచే రోజు సాయంత్రం ఒక్కొక్క మంచమే నిండుతుంటే మేము వరండాలో నిలబడి లెక్కపెడతాం. ఇంకా ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు అని. ఇప్పుడు రాని పిల్ల ఇంటికి వెళ్లినప్పుడు మేము మొదట అడిగే మాట మారింది. చదువు ఎందుకు మానేశావని అడగం. ఇంట్లో ఊయల ఉందా అని అడుగుతాం.

ఇక మా పిల్లలు వస్తారు. వాళ్ల ఇంటి మాటలు వాళ్ల నోటితో వినండి.

జోహార్.